వెనక ఎవరూ కూర్చోరని చెప్పాను

నా భార్య లావు కాదు.

ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. రాసి, కాసేపు కిటికీలోంచి బయటికి చూశాను. ఏమీ కూలలేదు. యలహంకలో మా వీధి ఎప్పటిలాగే ఉంది. ఎదురింటాయన ఎప్పటిలాగే తన కారుకి తలంటు పోస్తున్నాడు. ఇంత చిన్న వాక్యాన్ని ఇన్నేళ్లు గుండెల్లో ఎందుకు దాచుకుని తిరిగానో ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియకూడదు. మనిద్దరికీ అదే మంచిది.

ముందే ఒక మాట. నేను నలుగురిలో కూర్చుంటే నవ్వించే రకం. పెళ్లిళ్లలో నన్ను భోజనాల బంతి మధ్యలో కూర్చోబెడతారు, రెండు వైపులా వినబడాలని. నా నోట్లో పడ్డ విషయం ఏదీ దాని అసలు సైజులో బయటికి రాదు. దోమ కుట్టిందని మొదలుపెడితే, ముగించేసరికి అది గద్ద అయి నన్ను కాళ్లతో ఎత్తుకుపోతుంటుంది. దీనివల్ల ఎవరికీ నష్టం లేదని చాలాకాలం నమ్మాను. ఇక్కడ కూడా చెయ్యి ఊరుకోదు, అక్కడక్కడా పెంచుతాను. అసలు సంగతి దగ్గర మాత్రం పెంచను. అది పెంచకుండానే చాలినంత పెద్దది.

నా భార్య పేరు రత్న అనుకోండి. ఇద్దరిదీ హిందూపురం పక్క. పెళ్లయిన కొత్తలో బెంగళూరు వచ్చి ఇక్కడే పాతుకుపోయాం. ఆమె ఒక బడిలో టీచరు. ఇంట్లో మా అమ్మ, మా అమ్మాయి, టీవీ, కుక్కరు, వీళ్లందరినీ మించి నేను. ఇంతమంది మధ్య రత్న మాటకి చోటు దొరికేది కాదు. అందుకే మాటలన్నీ ఆదివారానికి దాచుకునేది. ఆదివారం పొద్దున మేమిద్దరం బైకు మీద దేవనహళ్లి వైపో, దొడ్డబళ్లాపురం వైపో వెళ్లి ఇడ్లీ తిని వచ్చేవాళ్లం. ఇడ్లీ ఒక వంక. బండి కదలగానే ఆమె హెల్మెట్టు నా హెల్మెట్టుకి తగిలేంత దగ్గరికి జరిగి మొదలుపెట్టేది. బడిలో జరిగిన అన్యాయం, చెల్లెలి కాపురం, తెల్లారుజామున వచ్చిన కల, మా అమ్మ అన్న మాట, నేను అనకుండా ఉండాల్సిన మాట. ఎదురుగా కూర్చుంటే ఆమె ఇవేవీ చెప్పలేదు. నా వీపుకి చెప్పేది. వారానికోసారి నేను నోరు మూసుకుని వినేవాడిని, గాలికి నా మాట వెనక్కి వినబడదు కాబట్టి. మా సంసారం అంత సజావుగా సాగడానికి కారణం ఆ గాలేనేమో.

బండి పాతబడింది. వెనక చక్రానికి అటూ ఇటూ ఉండే షాకబ్జార్బర్లు అరిగి నూనె కారడం మొదలైంది. ప్రతి గుంత లెక్క రత్న వెన్నుకి తెలిసేది. బెంగళూరు గుంతలంటే మీకు తెలుసు కదా. మా వీధి చివరి గుంతలో వానాకాలం ఒక కుటుంబం కాపురం పెట్టుకోవచ్చు.

"నడుము ఇరిగిపోతా ఉండాదప్పా. ఆ వెనకుండే స్ప్రింగులు మార్చు. మంచివే ఏయించు," అంది రత్న.

ఇది గుర్తుంచుకోండి. అంతా ఆమె నడుము కోసమే మొదలైంది.

మా పెళ్లి సంబంధం గురించి మా పెద్దవాళ్లు ఒక పూట ఆలోచించారు. షాకబ్జార్బర్ల సంబంధం నేను ఒక ఎండాకాలమంతా చూశాను. గ్యాసు నింపినవి, పక్కన చిన్న సీసా తగిలించినవి, మరలు తిప్పితే టిక్కు టిక్కుమనేవి. ఎవరో విదేశీయుడు బండిని లోయలాంటి గుంతలో దింపి చిరునవ్వుతో పైకి వచ్చే వీడియోని మా పెళ్లి వీడియోకంటే ఎక్కువసార్లు చూశాను. ఇంత చదివితే తేలింది ఒక్కటే. స్ప్రింగు మనిషిని బట్టి ఉంటుంది. బండి నడిపేవాడి బరువెంత, వెనక ఎవరు కూర్చుంటారు, ఈ రెండూ నిజం చెబితే దానికి తగ్గ స్ప్రింగు వేస్తారు. బరువుకి మించి మెత్తనిది వేస్తే గుంతలో పూర్తిగా కుంగిపోయి అడుగున ఠక్కున కొట్టుకుంటుంది. దర్జీకి కొలతలివ్వడం లాంటిదే. దర్జీ ముందు పొట్ట బిగబట్టినవాడి చొక్కా గుండీలు ఏమవుతాయో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. షాపు మెట్లెక్కేదాకా తెలుసు.

ఆ రోజుల్లో నేను కొత్తగా ఒక బైకుల గుంపులో చేరాను. అందరూ నా ఈడువాళ్లే. జాకెట్లు వేసుకుంటే సరిహద్దుకి బయల్దేరినట్టుంటారు, విప్పితే జేబులో బీపీ మాత్రలు కనబడతాయి. వాళ్ల నాయకుణ్ణి అందరూ కెప్టెన్ అంటారు. ఏ సైన్యానికో ఎవరూ అడగలేదు. షాపుకి నాతోపాటు కెప్టెన్, ఇంకో ఇద్దరూ వచ్చారు.

"మీ వెయిట్ ఎంత సార్?" అని షాపతను అడిగాడు.

పొట్ట లోపలికి పీల్చాను. నోటితో చెప్పే అంకెకి పొట్ట పీల్చడం ఎందుకో నాకిప్పటికీ తెలియదు. "డెబ్బై," అన్నాను.

ఆ వారమే డాక్టరు దగ్గర కాటా తొంభై రెండు చూపించింది. కెప్టెన్ దగ్గాడు.

"వెనక మేడమ్ కూర్చుంటారా సార్?"

నేను నోరు తెరిచేలోపు కెప్టెన్ అందుకున్నాడు. "ఏమప్పా, రైడరా, సంసారమా? ఈడనే తేల్చుకో. సంసారమైతే గట్టి స్ప్రింగు ఏయించుకో. కూరగాయల సంచి తగిలించే కొక్కెం కూడా అడుగు, ఫ్రీగా ఇస్తాడు."

మిగతా ఇద్దరూ నవ్వారు. షాపతను కూడా కొంచెం నవ్వాడు. అందరినీ నవ్వించేవాడు తన మీద నవ్వు పడితే తట్టుకోలేడని నేను ఆ రోజే తెలుసుకున్నాను.

"వెనక ఎవరూ కూర్చోరు," అన్నాను. "మా ఆవిడకి బైకు పడదు."

"చూడండి సార్. రేపు మేడమ్ కూర్చుంటే అడుక్కి కొడతాది. మళ్లీ నన్ను అనకూడదు."

"కూర్చోదు అన్నాను కదప్పా."

అలా డెబ్బై కిలోల ఒంటరివాడి కోసం నా బండికి స్ప్రింగులు బిగించారు. అలాంటి మనిషి ఈ ఊళ్లో ఎక్కడో ఉండే ఉంటాడు. మా ఇంట్లో మాత్రం లేడు. తిరిగి వస్తుంటే హెబ్బాళ ఫ్లైఓవర్ మీద బండి పరుపు మీద దొర్లినట్టు వచ్చింది. ఏమీ కాదులే అనుకున్నాను. రత్న బరువెంతని, కొట్టదులే అనుకున్నాను. అప్పుడు మాత్రం ఆమె ఎంత తేలికో నాకు బాగా గుర్తుంది చూశారా?

ఆదివారం బయల్దేరాం. వీధి చివర స్పీడ్‌బ్రేకరు హంపు మీద వెనక నుంచి ఠక్కుమంది.

"ఏమప్పా ఆ సద్దు?"

"రోడ్డు."

ఇంకో హంపు. ఇంకా గట్టిగా కొట్టింది. రత్న నా భుజం పట్టుకుంది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"పాతవాటికి ఇట్ల కొట్టేది కాదే. నేనేమన్నా లావైనానా?"

ఆ ప్రశ్న దగ్గర ఎన్నోసార్లు ఆగాను. ఇప్పుడూ ఆగుతున్నాను. కోపంగా అడగలేదు, ముద్దు కోసం అడగలేదు. నిజంగా తెలియక అడిగింది. జవాబు నాకు తెలుసు. ఒక్క ముక్క చాలు. "లేదు, నేనే తప్పు స్ప్రింగు వేయించాను," అంటే ఆమె తిట్టేది, ఇడ్లీ తినేవాళ్లం, అయిపోయేది. నా నోరు నన్ను అడక్కుండానే పని మొదలుపెట్టింది.

"మన యలహంక ఎయిర్‌బేస్ వాళ్లు ఫోన్ చేసినారు," అన్నాను. "వెనక లోడెక్కువై ముందు చక్రం లేస్తా ఉండాదంట. టేకాఫ్‌కి పర్మిషన్ తీసుకోమంటా ఉండారు."

రత్న నవ్వింది. నా వీపు మీద ఒక్కటి చరిచింది. నవ్వింది కదా అని ఊపిరి పీల్చుకున్నాను. ఆ సాయంత్రం ఆమె రాగిసంకటి సగం ముద్దే పెట్టుకుంది. నేను గమనించాను. గమనించి, ఆ మిగిలిన సగం నేను తిన్నాను.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కాడుగోడిలో మా పెద్దమ్మ కొడుకు ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి మా వాళ్లంతా వచ్చారు. నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. ఏదన్నా చెప్పప్పా అన్నారు. చేతిలో కొత్త సరుకు అదే ఉంది. మొదలుపెట్టాను. మా ఆవిడ ఎక్కితే ముందు చక్రం లేస్తుందన్నాను. ట్రాఫిక్ పోలీసు బండి నెంబరు చూడకుండా లారీలు వెళ్లే దారి చూపించాడన్నాను. హంపు మీద మేము దిగితే కార్పొరేషన్ వాళ్లు వచ్చి ఇంక ఇక్కడ హంపు అక్కర్లేదని రాసుకుపోయారన్నాను. జనం కళ్లలో నీళ్లు పెట్టుకుని నవ్వారు. రత్న గుమ్మం దగ్గర ఓళిగలు, అదే బొబ్బట్లు, వడ్డిస్తూ తానూ నవ్వింది. ఆ తర్వాత తన ఆకులో వేసుకున్న ఓళిగను తీసి పక్కనున్న పిల్లకి వేసింది.

అది కూడా గమనించాను. నా కళ్లకి ఏ జబ్బూ లేదు. జబ్బంతా నోటిదే.

రత్న పొద్దున్నే చెరువు చుట్టూ నడవడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం మజ్జిగ, సాయంత్రం పెసలు. రవికలు లోపలికి కుట్టించుకుంది. చెంపలు లోపలికి పోయాయి. ఆదివారం బండెక్కేముందు చెప్పులు విప్పి చేత్తో పట్టుకునేది, ఆ బరువైనా తగ్గుతుందని. చెప్పుల బరువు ఆమెతోపాటే బండెక్కుతుందని ఇద్దరికీ తెలుసు. అయినా విప్పేది. హంపు వచ్చేది. ఠక్కుమనేది. నా వెనక ఆమె ఊపిరి ఆగడం తెలిసేది. మాటలు తగ్గాయి. హంపులు లెక్కపెట్టుకునే మనిషి కలల గురించి ఏం చెబుతుంది?

ఏమీ చేయలేదనుకోకండి. చేశాను. స్ప్రింగు బిగువు పెంచడానికి షాపులో ఒక స్పానర్ ఇచ్చారు. రత్న నడకకి వెళ్లినప్పుడు దొంగలా సెల్లారులోకి దిగి, తిరిగినంత తిప్పాను. కొంచెం తగ్గింది. పోలేదు. స్ప్రింగే తప్పుదైతే బిగువు ఏం చేస్తుంది? గట్టి స్ప్రింగులు వేయించవచ్చు. అది కష్టమేమీ కాదు. అక్కడే నా చావు. వేయిస్తే చప్పుడు ఆగిపోతుంది. ఆగిపోతే రత్న అడుగుతుంది, ఇప్పుడెందుకు కొట్టడం లేదని. స్ప్రింగు మార్చానంటే, మరి అప్పుడు తప్పు స్ప్రింగుదా అంటుంది. ఆ ప్రశ్న వెనక కాడుగోడి ఉంది, సగం సంకటి ఉంది, చెరువు ఉంది. బాగుచేస్తే దొరికిపోతాను. బాగుచేయకపోతే ఆమె చిక్కిపోతుంది. నేను ఏం ఎంచుకున్నానో చెప్పక్కర్లేదు కదా.

ఇంతలో మా అమ్మాయికి డెంగ్యూ వచ్చింది. పిల్ల ఆసుపత్రి మంచం మీద గువ్వలా ముడుచుకుపోయింది. ఇందులో నేను పెంచింది ఏమీ లేదు. రత్న ఆనేకల్ వైపు మా ఇలవేల్పు గుడికి మొక్కుకుంది, తగ్గితే బెల్లంతో తులాభారం ఇస్తానని. మామూలుగా పిల్ల కోసం మొక్కితే పిల్లనే తూస్తారు. రత్న తనను తూయమని మొక్కింది.

"అది చిక్కి సగమైండాది. దాన్ని తూస్తే ఏమొస్తాది దేవుడికి? నన్ను తూస్తే ఎక్కువ ముడతాది కదా," అంది.

నా అబద్ధాన్ని ఆమె దేవుడి దగ్గర కూతురి ప్రాణానికి పూచీగా పెట్టింది. ఆ మాట విని ఆసుపత్రి వరండాలోకి వెళ్లి గోడకి ఆనుకున్నాను. చెప్పేద్దామనుకున్నాను. పిల్లకి తగ్గాక చెబుదాంలే అనుకున్నాను. పిల్లకి తగ్గింది.

అమ్మ, పిల్ల, బెల్లం దిమ్మెల గోనె సంచులు బస్సులో, మేమిద్దరం బండి మీద గుడికి వెళ్లాం. ఎంత కావాలో రత్నే తేల్చింది. తన గురించి తనకున్న అంచనాతో తేల్చింది. ఆ అంచనా ఎవరిదో మీకు తెలుసు. ఆమె తక్కెడ ఒక పళ్లెంలో కాళ్లు ముడుచుకుని కూర్చుంది. పూజారి రెండో పళ్లెంలో దిమ్మెలు పేర్చాడు. ఒక సంచి అయింది. రెండోది విప్పాడు. ఇంకా సంచులు మూతి కట్టే ఉన్నాయి, రత్న కూర్చున్న పళ్లెం నెమ్మదిగా పైకి లేచింది.

"చాలమ్మా. సరిపోయింది. మిగిలింది ఇంటికి తీసుకుపోండి," అన్నాడు పూజారి.

రత్న గాల్లో కూర్చుని ఆ సంచుల వైపు చూసింది. ముఖంలో సంతోషం వస్తుందేమో అని చూశాను. భయం వచ్చింది.

"ఇంతేనా నేను?" అంది. "మొక్కు తక్కువైపోయిందే సామీ. ఇంకా ఏయండి."

"ఏస్తే మీరు ఇంకా పైకి పోతారమ్మా. లెక్క ఇంతే."

అప్పుడు నా వైపు తిరిగింది. "మరి నేను కూర్చుంటే బండెందుకు కొడతాదప్పా?"

చుట్టూ జనం ఉన్నారు. మా అమ్మ ఉంది. మా అమ్మాయి ఉంది. ఆ ప్రశ్న రెండోసారి వచ్చింది. అడిగిన తీరు కూడా అదే. తెలియక అడగడం. దేవుడు ఇంతకంటే మంచి అవకాశం ఇవ్వలేడు. తక్కెడ కట్టి, ఎదురుగా గర్భగుడి తలుపులు తెరిచి ఇచ్చాడు.

"దేవుడి తక్కెడ కదా," అన్నాను. "ఆడవాళ్లని చూసి మొహమాటపడి తగ్గించి చూపించినట్టుండాది."

జనం నవ్వారు. పూజారి కూడా నవ్వాడు. రత్న నవ్వలేదు. ఇన్నేళ్ల కాపురంలో నా మాటకి అందరూ నవ్వి ఆమె ఒక్కతే నవ్వకపోవడం అదే మొదలు. పళ్లెం దిగి, మిగిలిన సంచుల్ని కూడా ఒక్కొక్కటే దేవుడి ముందుకి లాగి పెట్టించింది. ఒక్క దిమ్మె కూడా ఇంటికి తేనివ్వలేదు.

"మీరు బండి మీద పోండి. నేను వీళ్లతో బస్సులో వస్తాలే," అంది బయటికి వచ్చాక. అప్పటిదాకా ఆమె నన్ను 'మీరు' అన్నది లేదు.

ఆమెకి అంతా తెలిసిపోయిందా? నాకు తెలియదు. తెలిసిందేమో అనుకుంటే భయం. తెలియలేదేమో అనుకుంటే సిగ్గు. గొడవ పడలేదు, అలగలేదు. స్కూటరు నేర్చుకుంది. ఇప్పుడు బడికి దాని మీదే వెళ్తుంది. మళ్లీ నా బండి ఎక్కలేదు. ఆదివారం నేనొక్కడినే వెళ్లి ఇడ్లీ తిని వస్తాను. హంపుల మీద చప్పుడు లేదు. షాపులో నేను చెప్పిన అబద్ధాల్లో ఒకటి అలా నిజమైంది. వెనక ఎవరూ కూర్చోరు.

ఈ మధ్య నా మోకాలు వాచి బండి తీయలేకపోయాను. డాక్టరు దగ్గరికి రత్నే స్కూటరు మీద తీసుకెళ్లింది. నేను వెనక కూర్చున్నాను. నా సంగతి మీకు తెలుసు, ఇప్పుడు తొంభై రెండు కూడా పాత లెక్క. మొదటి హంపు మీద స్కూటరు కిందికి కుంగి ఠక్కుమంది. ఏదన్నా అంటుందని చూశాను. అనాలని కోరుకున్నాను. ఊళ్లో ఉన్న జోకులన్నీ ఆమె చేతిలో ఉన్నాయి, ఒక్కటి విసిరితే చాలు, నా అప్పు సగం తీరిపోతుంది.

"నడుముకి తగిలిందా?" అంది. "నిదానంగా పోతాలే."

అక్కడి నుంచి ప్రతి హంపు ముందూ స్కూటరుని దాదాపు ఆపేసి, పసిబిడ్డని ఉయ్యాల దింపినట్టు దింపింది. వెనక బళ్లవాళ్లు హారన్లు కొడుతున్నారు. ఒక ఆటో అతను పక్కకి వచ్చి కన్నడలో ఏదో అన్నాడు. ఆమె పట్టించుకోలేదు. నేను ముందుకు వంగాను. ఇంతకంటే దగ్గరగా ఆమె చెవికి ఎప్పుడొస్తాను?

"రత్నా."

"ఏం?"

నోరు తెరిచాను. ఎన్నో పెళ్లిళ్లలో ఎన్నో బంతుల్ని నవ్వించిన నోరు.

"ఏం లేదు," అన్నాను.

తిడుతుందని నాకు భయం లేదు. తిడితే బతికిపోతాను. లావు మాట కూడా క్షమిస్తుందేమో. నా భయం ఇంకోటి. అంతా విని, షాపులో నేను 'వెనక ఎవరూ కూర్చోరు' అన్న మాట దగ్గర ఆగిపోతుంది. "నలుగురి ముందర నీ వెనక నేను లేనని చెప్పినావా?" అంటుంది. పెంచి చెప్పడానికి అందులో ఏమీ లేదు. అవును, చెప్పాను. ఒక స్ప్రింగు ఎంచుకునే చోట, నన్ను సరిగ్గా ఎరగని ముగ్గురు నడివయసు మగవాళ్ల ముందు మగాడిననిపించుకోవడానికి చెప్పాను.

మీకు చెప్పాను. ఆమెకి చెప్పలేదు. ఈ రెండింటికీ ఎంత దూరమో నాకు తెలుసు, మీరు గుర్తుచేయక్కర్లేదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. ఇది మీ చేతిలో ఉన్నది కాదు. ఇంత రాసినా మోకాలు మోకాలుగానే ఉంది, ఇల్లు ఇల్లుగానే ఉంది. ఊపిరి మాత్రం కొంచెం కిందిదాకా వెళ్తోంది.

గేటు దగ్గర స్కూటరు ఆగింది. రత్న బడి నుంచి వచ్చినట్టుంది. తలుపు తీయడానికి నేను వెళ్తున్నాను. నోట్లో ఏ జోకూ సిద్ధం చేసుకోలేదు.